30 అక్షరాల దగ్గర ఆగిన రాగం

"సొంత రికార్డింగులు" అనే ఫోల్డరు తెరిచి చూస్తే లోపల ఏమీ లేదు. ఫోల్డరు ఉంది, దాని పేరు ఉంది, సైజు మాత్రం సున్నా.

అందులో ఉండాల్సింది మా అక్క వాయించిన వీణ. చదువుకునే రోజుల్లో టేప్ రికార్డర్ పక్కన పెట్టుకుని, సాధన చేస్తూ తనే నింపిన 9 క్యాసెట్లు. ఒక్కోటీ 60 నిమిషాలది. 2009లో వాటిని నేను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. క్యాసెట్ ఎక్కించడానికి అడ్డదారి లేదు, గంట టేపుకి గంటా కూర్చోవాల్సిందే. క్యాసెట్ల మీద 1 నుంచి 9 దాకా అంకెలు తప్ప ఇంకేమీ రాసి లేవు. ఏ వైపు ఏముందో అక్కని ఫోన్‌లో అడిగి, ఒక్కో పేరూ ట్యాగుల్లో, అంటే పాట ఫైలులోనే వివరాలు రాసుకునే చోట, టైపు చేసుకున్నాను. తొమ్మిది గంటల సంగీతం, దాని వెనక నావి ఇంకో ఇరవై గంటలు. అదంతా పోయి అప్పటికి మూడు వారాలయింది. నాకు తెలిసింది మాత్రం ఆ రోజే.

ఎలా పోయిందో కనుక్కోవడానికి ఒక సాయంత్రం పట్టింది. అప్పట్లో నేను రెండు వైపులా సింక్ చేసే, అంటే కంప్యూటర్‌లోనూ జేబులో పెట్టుకునే నా పాటల ప్లేయర్‌లోనూ ఫైళ్ళు ఒకేలా ఉండేట్టు చూసే ఒక సాఫ్ట్‌వేర్ వాడేవాణ్ణి. ప్లేయర్‌లో నేను కూర్చుకునే ప్లేలిస్టులు వెనక్కి కంప్యూటర్‌లోకి రావాలని ఆశ. కొన్ని ఫోల్డర్లకే ఆ ఏర్పాటు, వాటిలో ఇదొకటి. ఒక రోజు ప్లేయర్‌లోని మెమరీ కార్డు సరిగ్గా మౌంట్ కాలేదు, అంటే కంప్యూటర్‌కి అందలేదు. కార్డు ఉండాల్సిన చోట ఉత్త ఫోల్డరు కనిపించింది. సాఫ్ట్‌వేర్ దానికి తెలిసినంతలో సరిగ్గానే ఆలోచించింది: "అటువైపు ఇవన్నీ తీసేశారు, కాబట్టి ఇటువైపు కూడా తీసేయాలి." తీసేసింది. ఆ రాత్రి నా బ్యాకప్ నడిచింది. అదీ అద్దంలాంటిదే, అసలులో ఏముంటే అదే ఉంచుతుంది, లేనిది తీసేస్తుంది. కాబట్టి అక్కడా పోయింది.

అద్దం వేరు, బ్యాకప్ వేరు. ఈ మాట ఎక్కడో చదివి ఉంటాను, కానీ ఆ సాయంత్రమే అర్థమైంది. ఇప్పుడు నా బ్యాకప్ పాత వెర్షన్లు ఉంచుతుంది. ఈ రోజు తీసేసింది ఆరు నెలల తర్వాత కూడా వెతికి తెచ్చుకోవచ్చు. ఇంకో కాపీ వేరే డిస్కులో, ఈ ఇంట్లో కాకుండా వేరే చోట ఉంటుంది.

ఆ తర్వాత పాటల ఏర్పాటంతా మొదటి నుంచీ మళ్ళీ కట్టాను. దానికి ఒకటే సూత్రం: లైబ్రరీ నుంచి ప్లేయర్‌కి పాటలు వెళ్తాయి, ప్లేయర్ నుంచి ఏదీ తిరిగి రాదు. ప్లేలిస్టులు కావాలంటే కంప్యూటర్‌లోనే కూర్చుకుంటాను. ప్లేయర్‌లో ఏది ఎన్నిసార్లు విన్నానో లెక్క వెనక్కి రాకపోతే నష్టమేమీ లేదు.

సింక్‌కి నేను వాడేది ఆర్‌సింక్ అనే ప్రోగ్రాము. 1996 నుంచీ ఉన్న పనిముట్టు, నాకు దీని మీద గురి. కానీ దానికీ తీసేసే అధికారం ఇస్తున్నాం కదా, అందుకని రెండు అడ్డుగడియలు పెట్టాను. మొదటిది: కార్డు లోపల ఒక ఖాళీ ఫైలు ఉంటుంది, గుర్తు కోసం. ఆర్‌సింక్‌ని నడపడానికి నేను రాసుకున్న చిన్న ప్రోగ్రాము, అంటే స్క్రిప్టు, ముందు ఆ ఫైలు ఉందో లేదో చూస్తుంది. లేకపోతే కార్డు నిజంగా అక్కడ లేనట్టే, అక్కడితో ఆగిపోతుంది. రెండోది మ్యాక్స్-డిలీట్ అనే ఆప్షన్. ఒక్క విడతలో 50 ఫైళ్ళకి మించి తీసేయొద్దని చెప్పాను. నేను ఒక ఆల్బమ్ ఫోల్డరు పేరు మార్చినా డజను ఫైళ్ళే కదులుతాయి. 50 దాటిందంటే ఏదో తేడా జరిగిందనే అర్థం. ఇవి కాక, పెద్ద మార్పులు చేసిన రోజున డ్రై-రన్, అంటే నిజంగా ఏ ఫైలునీ కదపని ఉత్తుత్తి సింక్, పెట్టి, ఏమేం పోతాయో ఏమేం వస్తాయో జాబితా కళ్ళారా చదువుతాను. జాబితా పొడుగ్గా ఉంటే టీ పెట్టుకుని మరీ చదువుతాను.

లైబ్రరీలో పాటలన్నీ ఫ్లాక్ అనే ఫార్మాట్‌లో ఉంటాయి. సీడీలో సెకనుకి 44,100 నమూనాలు, ఒక్కోటీ 16 బిట్లు, రెండు చానెళ్ళు. అంటే నిమిషానికి పది ఎంబీ పైచిలుకు. ఫ్లాక్ అందులో ఒక్క బిట్టూ పోగొట్టకుండా దాదాపు సగానికి కుదిస్తుంది. కానీ నేను ఫ్లాక్‌ని నమ్ముకున్నది సైజు కోసం కాదు. ప్రతి ఫ్లాక్ ఫైలూ తన లోపలి ధ్వని నుంచి లెక్కగట్టిన ఒక ఎండీ5 ముద్ర మోస్తూ ఉంటుంది. ఫ్లాక్ ప్రోగ్రాముకే పరీక్షించే ఆప్షన్ ఉంది, ఫైలుని విప్పి చూసి ఆ ముద్రతో సరిపోల్చి చెబుతుంది. నెలకోసారి లైబ్రరీ మొత్తం మీద ఆ పరీక్ష నడుపుతాను. డిస్కులో ఎక్కడైనా ఒక పాట చెడిపోవడం మొదలైతే, బ్యాకప్‌లో మంచి కాపీ ఉండగానే నాకు తెలియాలి. వినేటప్పుడు "టిక్" మని వినిపించి తెలుసుకునే సరికి ఆలస్యం అయిపోయి ఉంటుంది.

నా దగ్గర పాటలు 14,000 దాకా ఉన్నాయి. ఫ్లాక్‌లో దాదాపు 360 జీబీ. ప్లేయర్‌లో కార్డు 128 జీబీది. చాలాకాలం ఈ తేడా వల్ల ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అని ప్రతి ఆదివారం తర్జనభర్జన పడేవాణ్ణి. ఎంపీ3లో మంచి నాణ్యత పెట్టినా కార్డు అంచులదాకా వచ్చేది. ఓపస్‌కి మారాక ఆ బాధ తీరింది. ఇది 2012లో ప్రామాణికంగా వచ్చిన ఫార్మాట్. 128 కేబీపీఎస్ (సెకనుకి 128 కిలోబిట్లు) దగ్గర నిమిషానికి ఒక ఎంబీ కూడా కాదు. అన్నీ కలిపి 67 జీబీ, కార్డులో సగం ఇంకా ఖాళీ. నడుస్తూ, బస్సులో, మామూలు ఇయర్‌ఫోన్లతో వినేటప్పుడు ఫ్లాక్‌కీ దీనికీ నా చెవి తేడా చెప్పలేదు. కళ్ళు మూసుకుని, ఏది ఏదో తెలియకుండా పెట్టించుకుని విన్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. మీరూ ఒకసారి అలా పరీక్షించుకుని, మీ చెవికి ఏది చాలో మీరే తేల్చుకోండి. అంకెలు చూసి తేల్చుకుంటే ఎప్పటికీ కార్డు చాలదు.

ఓపస్‌లోకి మార్చిన పాటలు ముందు కంప్యూటర్‌లోనే వేరే ఫోల్డర్‌లో పేరుకుంటాయి, అక్కడి నుంచి కార్డుకి వెళ్తాయి. ఫ్లాక్ ఫైలు మారితేనే దాని ఓపస్ మళ్ళీ తయారవుతుంది. మొదటిసారి మొత్తం మార్చడానికి ఒక రాత్రంతా పట్టింది. ఇప్పుడు కొత్త ఆల్బమ్ చేర్చిన రోజు కూడా రెండు మూడు నిమిషాల పనే.

అసలు కాలం తినేది ట్యాగులు. వాటి మీద పెట్టిన గంటల గురించి నాకు విచారం లేదు. పేరు సరిగ్గా లేని పాట లైబ్రరీలో ఉన్నా లేనట్టే, వెతికితే దొరకదు కదా.

మన పాటలకి ఈ అవస్థ మరీ ఎక్కువ. ఇంగ్లీషు అక్షరాల్లో మన పేర్లు ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. నా లైబ్రరీలో 'హెచ్' ఉన్న బాలసుబ్రహ్మణ్యం ఒకరు, 'హెచ్' లేని బాలసుబ్రమణ్యం ఒకరు, ఎస్పీబీ ఒకరు, ఎస్పీ బాలు ఒకరు ఉండేవారు. ప్లేయర్ దృష్టిలో నలుగురు గాయకులు. ఇంటిపేరుకీ చుక్కకీ మధ్య ఖాళీ ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఐదో వ్యక్తి కూడా పుట్టుకొచ్చాడు. ఆన్‌లైన్‌లో పాటల వివరాలు పోగుచేసే మ్యూజిక్‌బ్రెయిన్జ్ వాళ్ళ పికార్డ్ అనే ప్రోగ్రాము పాట ధ్వనినే వేలిముద్రలా తీసి అదేమిటో పోల్చుకుంటుంది. చాలా గొప్ప పనిముట్టు. కానీ ఎవరో ఒకరు ముందు అక్కడ ఆ ఆల్బమ్ వివరాలు ఎక్కించి ఉండాలి. పాత తెలుగు పాటల్లో చాలావాటికి నాకు దొరకలేదు. కాబట్టి చేత్తోనే చేశాను, ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రాములో ఒక్కో గాయకుణ్ణీ వెతికి, అందర్నీ ఎంచుకుని, ఒకే పేరు పెట్టుకుంటూ.

అప్పుడు నేర్చుకున్నది ఒకటి ఇక్కడ చెప్పాలి. "ఆర్టిస్ట్" అనే ఫీల్డు ఒక్కటే నింపి వదిలేస్తే సినిమా ఆల్బములన్నీ ముక్కలైపోతాయి. ఆరు పాటలకి నలుగురు గాయకులుంటే ప్లేయర్ దాన్ని నాలుగు ఆల్బములుగా చూపిస్తుంది. "ఆల్బమ్ ఆర్టిస్ట్" అనే ఫీల్డు వేరే ఉంది. అందులో ఆరు పాటలకీ ఒకే పేరు, నేనైతే సంగీత దర్శకుడి పేరు పెడతాను, అప్పుడు అన్నీ ఒక చోటికి చేరతాయి. గీత రచయితకీ విడిగా ఫీల్డు ఉంది, ఖాళీగా వదిలేయకండి. ఒక కవి రాసిన పాటలన్నీ వరసగా వినాలనిపించే రోజు వస్తుంది.

పేర్లు తెలుగు లిపిలో రాయాలా, ఇంగ్లీషులోనా అన్నది చాలాకాలం తేల్చుకోలేకపోయాను. నా లైబ్రరీలో తెలుగులోనే ఉండాలని నా పట్టుదల. ఫ్లాక్ ట్యాగులు యూటీఎఫ్-8, అంటే అన్ని లిపులూ పట్టే పద్ధతి, అక్కడ ఏ ఇబ్బందీ లేదు. కానీ నా ప్లేయర్ తెర మీద గుణింతాలు ఊడిపోయి, ఒత్తులు పక్కకి దొర్లి, "కృష్ణ" అన్న పేరు గుర్తుపట్టలేనట్టు కనిపించేది. అక్షరాల బొమ్మలున్న ఫాంటు ఉంటే చాలదు, వాటిని కలిపి కూర్చే యంత్రాంగం కూడా ఉండాలి. ఆ చిన్న పరికరంలో అది లేదు. చివరికి దారి ఫ్లాక్‌లోనే దొరికింది. అందులో ట్యాగు ఫీల్డులకి మన ఇష్టం వచ్చిన పేరు పెట్టుకోవచ్చు. ప్రతి పాటకీ "ప్లేయర్‌టైటిల్" అని ఇంకో ఫీల్డు చేర్చి, అందులో ఇంగ్లీషు అక్షరాల్లో పేరు రాసుకున్నాను. ఓపస్‌లోకి మార్చేటప్పుడు స్క్రిప్టు ఆ పేరునే టైటిల్‌గా పెడుతుంది. లైబ్రరీలో తెలుగు తెలుగుగానే ఉంది. ప్లేయర్‌కి అది చదవగలిగింది వెళ్తోంది. ఒకదాని కోసం రెండోదాన్ని పాడుచేయనక్కర్లేదని తెలిసిన రోజు నాకు ఎంత తేలికయిందో!

కార్డు విషయంలో రెండు చిన్న చికాకులు, నాకు రోజులు పట్టాయి కాబట్టి మీకు పట్టకూడదని రాస్తున్నాను. నా ప్లేయర్‌ని నడిపేది రాక్‌బాక్స్. 2001లో మొదలై ఔత్సాహికులు ఇప్పటికీ నడుపుతున్న సాఫ్ట్‌వేర్. నా ప్లేయర్‌లో అది ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫైళ్ళు సర్దిన కార్డునే చదువుతుంది. ఫ్యాట్32లో ఫైలు పేరులో ప్రశ్నార్థకం, కోలన్, కొటేషన్ గుర్తు ఉండకూడదు. ప్రశ్నలా మొదలయ్యే పాటలు మనకి ఎన్ని! అవన్నీ కార్డుకి వెళ్ళకుండా ఆగిపోయేవి, ఎందుకో తెలిసేది కాదు. ఇప్పుడు ఫైలు పేరులోంచి ఆ గుర్తులు తీసేసి, ట్యాగులో మాత్రం ఉంచుతున్నాను. రెండోది, ఫ్యాట్ ఫైలు సమయాన్ని రెండు సెకన్ల లెక్కన గుర్తుపెట్టుకుంటుంది. కంప్యూటర్‌లో బేసి సెకనులో తయారైన పాట కార్డుకి వెళ్ళేసరికి ఒక సెకను తేడా వస్తుంది. దాంతో ఆర్‌సింక్‌కి అది మారిన ఫైలులా కనిపించి మళ్ళీ కాపీ చేస్తుంది, ప్రతిసారీ. నా పాటల్లో సగం దాకా రోజూ కొత్తగా వెళ్తుండేవి. మాడిఫై-విండో అనే ఆప్షన్‌కి 1 అని ఇస్తే ఆ ఒక్క సెకను తేడాని పట్టించుకోదు. అది పెట్టినరోజున సింక్ 40 నిమిషాల నుంచి అర నిమిషానికి దిగింది.

బొమ్మలూ అంతే. ఆల్బమ్ బొమ్మ ప్రోగ్రెసివ్ జేపెగ్ అయితే నా ప్లేయర్ చూపించదు, మామూలు బేస్‌లైన్ జేపెగ్ అయితేనే చూపిస్తుంది. 500 బై 500 సైజులో సేవ్ చేసుకుంటే చాలు.

ధ్వని హెచ్చుతగ్గులకి రీప్లేగెయిన్ వాడతాను. పాట ధ్వనిని ముట్టుకోదు, ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో ట్యాగులో రాసి పెడుతుంది అంతే. సినిమా పాట తర్వాత వీణ వస్తే వాల్యూమ్ వెతుక్కునే పని ఉండదు. సింఫనీకో కచేరీకో మాత్రం పాట లెక్కన కాక ఆల్బమ్ లెక్కన పెట్టుకోండి. మెల్లగా వాయించినది మెల్లగానే వినపడాలి.

మళ్ళీ అక్క టేపుల దగ్గరికి వస్తాను.

అదృష్టం బాగుండి క్యాసెట్లు పారేయలేదు. డెక్ తుడిచి, హెడ్లు శుభ్రం చేసి, మళ్ళీ మొదటి నుంచి ఎక్కించడం మొదలుపెట్టాను. ఆరు బాగానే వచ్చాయి. ఏడో క్యాసెట్ రెండు నిమిషాలు తిరిగి ఆగిపోయింది. తెరిచి చూస్తే టేపు లోపల చుట్టుకుని, సాగి, తెగి ఉంది. అతికించడానికి ప్రయత్నించాను. చాలా భాగం సాగి పోయిన టేపుని అతికించినా స్వరం ఊగుతుంది, వీణకి అంతకంటే అన్యాయం ఇంకోటి లేదు. ఎనిమిది, తొమ్మిది క్షేమంగా వచ్చాయి.

అక్కకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పోనీలేరా, ఎనిమిది ఉన్నాయిగా" అంది. ఆ "పోనీలేరా"తో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్న లేచి సొరుగులన్నీ వెతికాను. ఒక దాంట్లో నా పాత ప్లేయర్ ఉంది, 4 జీబీది. బ్యాటరీ ఉబ్బలేదు. కేబుల్ పెట్టి ఒక గంట ఛార్జి చేస్తే వెలిగింది. అందులో 2009లో నేను వేసిన పాటలు అలాగే ఉన్నాయి. అక్క వీణ తొమ్మిది టేపులూ, 128 కేబీపీఎస్ ఎంపీ3లో, అన్నీ కలిపి 500 ఎంబీ పైన. అప్పట్లో వాటిని నేను లెక్కలోకే తీసుకోలేదు. అసలైనవి కంప్యూటర్‌లో ఉన్నాయి, ఇవి బయట వినడానికి అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఏడో టేపుకి ఆ కాపీయే అసలు.

పోయినదేమిటో హెడ్‌ఫోన్లతో శ్రద్ధగా విన్నాను. 128 దగ్గర ఎంపీ3 పై స్థాయి ధ్వనుల్ని కోసేస్తుంది, కానీ ఆ టేపులోనే పైన పెద్దగా ఏమీ ఉండి ఉండదు, అది మామూలు క్యాసెట్. తేడా తెలిసేది మీటు దగ్గర. తీగ మీటిన క్షణం చురుగ్గా ఉండాలి. ఎంపీ3లో ఆ క్షణానికి కాస్త ముందే సన్నటి గరగర మొదలవుతుంది. ప్రీ-ఎకో అంటారు దాన్ని. వినేవాళ్ళు పట్టుకోకపోవచ్చు, నాకు ఇప్పుడు ప్రతి మీటులోనూ వినిపిస్తుంది. ఏడో టేపుకి వైపుకొకటి చొప్పున ఉన్న రెండు ఫైళ్ళనీ ఫ్లాక్‌లోకి మార్చలేదు. మారిస్తే సైజు పెరుగుతుందే గాని పోయింది తిరిగి రాదు, పైగా ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరైనా చూసి ఇది టేపు నుంచి నేరుగా వచ్చిందనుకుంటారు. ఎంపీ3గానే లైబ్రరీలో ఉంచి, వ్యాఖ్య ఫీల్డులో ఎక్కడి నుంచి వచ్చిందో రాశాను. స్క్రిప్టుకి కూడా చెప్పాను: ఈ రెండు ఫైళ్ళనీ ఓపస్ చేయకు, ఉన్నవి ఉన్నట్టు కార్డుకి పంపు. ఒకసారి కుదించినదాన్ని మళ్ళీ కుదించడం నాకు ఇష్టం లేదు.

రెండో వైపు ఫైలు టైటిల్ ఇంగ్లీషు అక్షరాల్లో ఇలా ఉంది: "అక్క వీణ సాధన 7బి - మోహన". లైబ్రరీలో మోహన రాగం కింద చేర్చాను. రెండు ఫైళ్ళూ అక్కకి పంపాను.

ఆ రాత్రే ఫోన్ చేసింది. "మోహన అని రాశావేంట్రా?"

"టైటిల్లో అలాగే ఉందే అక్కా. 2009లో నువ్వే చెప్పావు కదా."

"నేను అలా చెప్పను. ఎక్కేటప్పుడు మోహనలాగే ఉంటుంది. దిగేటప్పుడు విను, మధ్యమం, నిషాదం పడుతున్నాయి. మోహనలో అవి ఎక్కడివి? ఇది మోహనకల్యాణి."

ఫోన్ పెట్టి ఆ ఫైలు ట్యాగుని విప్పి చూశాను. ఎంపీ3 ఫైళ్ళలో ట్యాగులు రాసే పద్ధతిని ఐడీ3 అంటారు. ఆ రోజుల్లో నేను వాడిన సాఫ్ట్‌వేర్ దాని మొదటి వెర్షన్ ట్యాగు ఒక్కటే రాసింది. 1996 నాటి పద్ధతి అది. ఫైలు చివర 128 బైట్లు, అందులో టైటిల్‌కి 30 బైట్లు, అంతే. ఆ టైటిల్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలతో సహా వేలు పెట్టి లెక్కపెట్టాను. "మోహన" అన్నచోట సరిగ్గా ముప్పయ్యో అక్షరం. అక్క చెప్పింది మోహనకల్యాణే, నేను టైపు చేసిందీ మోహనకల్యాణే. కల్యాణికి చోటు లేక పోయింది. మాట మధ్యలో తెగి ఉంటే నాకు అనుమానం వచ్చేది. ఇంకో రాగం పేరు దగ్గర ఆగింది కాబట్టి రాలేదు.

ఐడీ3 రెండో వెర్షన్ ట్యాగు చేర్చి, అందులో పూర్తి పేరు రాశాను. గుర్తు ఫైలు ఉందో లేదో చూసుకుని స్క్రిప్టు కదిలింది. ఒక్క ఫైలు మారింది, ఒక్కటే కాపీ అయింది. కార్డు ప్లేయర్‌లో పెట్టి ఏడో టేపు రెండో వైపు నొక్కాను. పేరు తెర వెడల్పులో పట్టలేదు. ఒక క్షణం ఆగి, మెల్లగా ఎడమవైపుకి జరుగుతూ చివరిదాకా కనిపించింది.